సాయం అందింది సరే, కోలుకున్నది దానివల్లేనా?

గోదావరి జిల్లాల్లో తుఫాను వెళ్లిన వారం పదిరోజులకు ఒక వాదన మొదలవుతుంది. ఇన్ని కోట్లు ఖాతాల్లో వేశామని ప్రభుత్వం అంటుంది. మా ఊళ్లో ఎవరికీ పైసా రాలేదని ప్రతిపక్షం అంటుంది. ప్రభుత్వం మారితే వాళ్ల మాటలు వీళ్లకూ, వీళ్ల మాటలు వాళ్లకూ వస్తాయి, అంతే తేడా. 2022 జూలై వరదప్పుడూ విన్నాం, 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాకా విన్నాం.

తమాషా ఏమిటంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఖాతాలో పడ్డ డబ్బు, పంట పోయినవాడి ఖాతాలోనే పడాలని లేదు. అతని ఖాతాలోనే పడినా, దాళ్వా (రబీ వరి) నారుమళ్లు దాటిపోయాక పడొచ్చు. సమయానికే వచ్చినా, అతను తేరుకున్నది ఆ డబ్బు వల్ల కాకపోవచ్చు. ఇవి మూడు వేరువేరు ప్రశ్నలు. చేరిందా, ఎప్పుడు చేరింది, దానివల్ల ఏం మారింది. మొదటి రెండూ కాస్త ఓపిక ఉంటే తేలిపోతాయి. మూడోది నిపుణులకే కొరుకుడుపడదు. అయినా మనం ఎక్కువగా తీర్పులిచ్చేది మూడోదాని మీదే. “ఆ పథకం ఊరిని నిలబెట్టింది”, “ఆ డబ్బంతా గోదాట్లో పోసినట్టే” అని.

విపత్తు తర్వాత ఇచ్చే సాయాన్ని అసలు అర్థవంతంగా మూల్యాంకనం చేయగలమా అన్న సందేహం ఇక్కడే పుడుతుంది.

ఏ సాయం గురించి మాట్లాడుతున్నాం?

సాయం అనేది ఒక్క మూట కాదు. నీళ్లు ఇంట్లో ఉండగా ఇచ్చేది తక్షణ సాయం. 2022లో లంక గ్రామాల (గోదావరి పాయల మధ్య దీవుల్లో ఉన్న ఊళ్ల) వాళ్లకు ఇచ్చిన 25 కిలోల బియ్యం, ఇంటికి 2,000 రూపాయలు ఈ కోవలోవి. నీళ్లు తీశాక ఇల్లు, పంట, పడవ, వల మళ్లీ సమకూర్చుకోవడానికి ఇచ్చేది పునరుద్ధరణ సాయం. వచ్చే వరదకు దెబ్బ తగ్గించడానికి ఏటిగట్టు పెంచడం, తుఫాను షెల్టర్ కట్టడం, డ్రెయిన్లు తవ్వడం ముందస్తు నివారణ.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులను దాదాపు ఈ వరసలోనే విడగొట్టింది. మొత్తం 1,60,153 కోట్లలో 20 శాతం నివారణకు. మిగతా 80లో తక్షణ సాయానికి 40, పునరుద్ధరణకు 30, సన్నద్ధతకు 10. ఈ విభజన లేని రోజుల్లో డబ్బులో ఎక్కువ భాగం మొదటిదానికే పోయేది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కోదానికి గడువు ఒక్కోలా ఉంటుంది. బియ్యం మూటను రోజుల్లో కొలవాలి. ఇంటిని ఏళ్లలో కొలవాలి. ఏటిగట్టును కొలవాలంటే మళ్లీ పెద్ద వరద రావాలి. మూడింటినీ ఒకే ప్రెస్‌మీట్‌లో ఒకే అంకెగా కలిపి చెప్పినప్పుడు ఆ అంకెను ఏ కొలతతోనూ కొలవలేం.

ఇంకో గందరగోళం ఆడిట్‌కూ మూల్యాంకనానికీ మధ్య. డబ్బు నిబంధనల ప్రకారం ఖర్చయిందా లేదా చూసేది ఆడిట్. కాగ్ చేసేది ప్రధానంగా అదే. అనుకున్నన్ని ఇళ్లు కట్టారా, ఎన్ని బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయి అని చూసేది పర్యవేక్షణ. ఆ ఇళ్ల వల్ల మనుషుల బతుకులో ఏ తేడా వచ్చిందో చూసేది మూల్యాంకనం. కాట్రేనికోన తీరంలో ఒక షెల్టర్ ఉందనుకోండి. టెండరు సక్రమమే అంటుంది ఆడిట్. భవనం పూర్తయింది అంటుంది పర్యవేక్షణ. తుఫాను రాత్రి జనం అందులోకి వెళ్లారా, పశువులను వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయారా, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేక ఆడవాళ్లు వెనక్కి వెళ్లిపోయారా అనేది మూల్యాంకనం అడిగే ప్రశ్న. మొదటి రెండు పరీక్షలూ నూటికి నూరుతో పాసై, మూడోదానిలో సున్నా రావడం సాధ్యమే.

నష్టం లెక్కలోనే ఉన్న గీత

సాయం ఏం చేసిందో తెలియాలంటే ముందు నష్టం ఎంతో తెలియాలి. పంట నష్టం అంచనా ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. గ్రామ వ్యవసాయ సహాయకుడు, వీఆర్వో పొలం గట్టు మీద నిలబడతారు. పక్కన రైతు. కింద పడిపోయిన సార్వా (ఖరీఫ్) వరి, మధ్యలో నిలిచిన నీళ్లు. ఫోన్లో ఫొటో తీసి, జీపీఎస్ దొరికేదాకా ఆగి, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంటల నమోదులో) పేరు సరిచూసుకుని, చేను వైపు ఇంకోసారి చూసి ఒక శాతం వేస్తారు. డ్రెయిన్ లాగితే చేను తేరుకుంటుందా, కంకి మీదే మొలకెత్తుతుందా అనేది ఆ రోజుకు ఎవరికీ తెలియదు. రంగు మారిన ధాన్యం మిల్లు దగ్గర ఏ ధరకు తెగుతుందో అసలే తెలియదు. అయినా ఆ శాతమే తర్వాత అన్ని లెక్కలకూ పునాది.

ఆ శాతంలో ఒక గీత ఉంది. కేంద్ర నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట దెబ్బతింటేనే ఇన్‌పుట్ సబ్సిడీ. 2015కు ముందు ఆ గీత 50 దగ్గర ఉండేది. 2022-26 నిబంధనల్లో నీటి పారుదల ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, తోటలకు 22,500, అదీ రెండు హెక్టార్ల వరకు. రాష్ట్రాలు తమవంతు కలిపి ఎక్కువ ఇవ్వొచ్చు. మనం వాడుకలో దీన్ని నష్టపరిహారం అంటాం గానీ, పోయిన పంట విలువ కట్టివ్వడం దీని ఉద్దేశం కాదు. మళ్లీ విత్తుకోవడానికి ఆసరా. కాబట్టి “నా నష్టంలో పావలా వంతు కూడా రాలేదు” అన్న రైతు బాధ న్యాయమే అయినా, పథకం ఫెయిలైందా అని చూడాల్సిన చోటు వేరే. తర్వాతి పంట సమయానికి పడిందా, లేదా?

ముమ్మిడివరం వైపు పక్కపక్క చేలున్న ఇద్దరిని ఊహించుకుందాం. చెరో హెక్టారు. ఒకరి చేనుకు 31 శాతం నష్టం, రెండోవారికి 35 శాతం. హెక్టారుకు 75 బస్తాలు పండే చేలో ఆ తేడా మూడు బస్తాలు. సాయంలో తేడా 17,000. రైతు దృష్టిలో ఇది శుద్ధ అన్యాయం. మూల్యాంకనం చేసేవాళ్లకు మాత్రం ఇది దొరక్క దొరికిన అవకాశం. ఎందుకంటే 28 నుంచి 32 మధ్య ఉన్నవాళ్లు, 34 నుంచి 38 మధ్య ఉన్నవాళ్లు నేల, నీరు, స్తోమత అన్నిటిలోనూ దాదాపు ఒకే రకం మనుషులు. వాళ్ల మధ్య పెద్ద తేడా ఒక్కటే, ఒకరికి డబ్బు వచ్చింది, ఒకరికి రాలేదు. తర్వాతి దాళ్వాలో ఎవరు నాట్లు అదనులో వేశారు, ఎవరు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు అని పోల్చి చూస్తే, ఆ తేడా చాలావరకు డబ్బు వల్లే అని ధైర్యంగా చెప్పొచ్చు. గణాంకవేత్తలు చాలా దేశాల్లో వాడే పద్ధతే ఇది.

అయితే గట్టు మీద నిలబడ్డ ఆ ఉద్యోగి కూడా మనిషే. 31 వేస్తే ఎదురుగా ఉన్న రైతుకు ఏమీ రాదని తెలుసు. 35 వేస్తాడు. ఊరి జాబితా తీసి చూస్తే 34, 35, 36లు కుప్పగా ఉండి, 30, 31, 32లు ఒక్కటీ కనిపించకపోతే జరిగింది అదేనని అర్థం. ఆ మంచితనాన్ని నేను తప్పుపట్టను. కానీ అప్పుడు గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే రకం మనుషులు కారు. అధికారితో మాట కలపగలిగినవాళ్లు ఒకవైపు, కలపలేనివాళ్లు ఒకవైపు. పోలిక అక్కడితో చెడిపోతుంది.

జాబితాలో లేని కౌలుదారు

డెల్టాలో పొలం చేసేది ఎక్కువగా కౌలు రైతే. యజమాని రాజమహేంద్రవరంలోనో హైదరాబాద్‌లోనో, కొన్నిసార్లు అమెరికాలోనో ఉంటాడు. కౌలు బస్తాల్లో, నోటిమాట మీద. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. రెండోదాని ప్రకారం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉంటే కౌలుదారుకు కార్డు వస్తుంది. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని రైతుకు భయం.

దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. అర్హుల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ డబ్బు పడింది, నూటికి నూరు శాతం పంపిణీ అని నివేదిక వస్తుంది. అందులో అబద్ధం లేదు. పంట పోగొట్టుకున్నవాడికి మాత్రం ఏమీ రాలేదు. జాబితా ఆధారంగా చేసే ఏ మూల్యాంకనానికైనా అతను కనపడడు, ఎందుకంటే నమూనా తీసేది కూడా ఆ జాబితాలోంచే. గణితం ఎంత గొప్పదైనా ఇక్కడ చేయగలిగింది లేదు. సర్వే చేసేవాళ్లు జాబితా పక్కన పెట్టి ఇల్లిల్లూ తిరిగి “ఈ చేను ఎవరు దున్నారు?” అని అడగాల్సిందే.

సాయం రాని లంకతో పోలిక

ఇక అసలు చిక్కు. జలుబుకు మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది అని మనవాళ్ల వేళాకోళం. సాయం సంగతీ అంతే. సాయం వచ్చింది, ఊరు కోలుకుంది. సాయం లేకపోతే ఏమయ్యేది? ఆ జరగని కథ ఎవరూ చూడలేరు. దానికి దగ్గరగా ఉండే ఇంకేదో వెతుక్కుని పోల్చుకోవాలి.

లెక్క కోసం రెండు లంకలు అనుకుందాం. అంకెలు ఊహించినవే. మొదటి లంకలో వరదకు ముందు అరటి ఎకరాకు ఏడాదికి 1,20,000 రూపాయల రాబడి. వరద ఏడు 40,000కు పడింది. సాయం అందింది. రెండేళ్లకు 1,00,000కు వచ్చింది. ముందూ తర్వాతా చూసేవాళ్లు “మా సాయంతో 60,000 పెరిగింది” అని రాసుకుంటారు. రెండో లంకలోనూ అదే వరద, కానీ ఏవో కాగితాల తకరారుతో సాయం ఆగిపోయింది. అక్కడ 1,20,000 నుంచి 42,000కు పడి, రెండేళ్లకు 86,000కు వచ్చింది. అంటే సాయం లేకుండానే 44,000 పెరిగింది. మొదటి లంకలో పెరిగిన 60,000లో సాయం వాటా 16,000 అన్నమాట.

మిగతా 44,000 ఎక్కడిది? కొంత ఏరు తెచ్చిపెట్టిన ఒండ్రుది. లంక భూముల్లో వరద ఒక పంటను తినేసి తర్వాతి పంటకు మేత పెట్టి పోతుంది. కొంత రావులపాలెం మార్కెట్‌ది. తోటలు పోయి గెలలు తగ్గితే మిగిలినవాటికి ధర లేస్తుంది. మిగతాది రైతు సొంత తంటాలు.

కాబట్టి సాయం పెద్దగా పనిచేయలేదని అనేయొచ్చా? తొందరపడకూడదు. రెండో లంకవాళ్లు ఆ 86,000కు ఎలా చేరారో చూడాలి. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి, డ్వాక్రా అప్పు తీసి, పిల్లాడిని కాలేజీ మాన్పించి చేరి ఉంటే? రాబడి కాలమ్‌లో రెండు లంకలూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. అప్పు కాలమ్ ఆ సర్వేలో లేనే లేదు. ఏం కొలవాలో ముందే సరిగ్గా ఎంచుకోకపోతే మంచి పద్ధతి కూడా చెడ్డ జవాబే ఇస్తుంది.

ఇంకో అనుమానం కూడా న్యాయమైనదే. రెండో లంకకు సాయం ఎందుకు ఆగింది? నిజంగా కాగితాల తకరారేనా, లేక అక్కడ నష్టం తక్కువా, పలుకుబడి తక్కువా? కారణాన్ని బట్టి ఆ 16,000 అంకె పెరగనూవచ్చు, తరగనూవచ్చు. అందుకే ఇలాంటి అంకె చూపించేవాళ్లను ముందు అడగాల్సింది, పోలికకు తీసుకున్నవాళ్లు ఎందుకు సాయానికి దూరమయ్యారని.

1996 కొబ్బరి: ఎప్పుడు అడిగితే అప్పటి జవాబు

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యికి పైగా మనుషులు పోయారు. లక్షల కొబ్బరి చెట్లు తలలు విరిగీ, వేళ్లతో లేచీ పడిపోయాయి. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు అప్పుతో తుఫాను పునరుద్ధరణ ప్రాజెక్టు మొదలై 2003 దాకా నడిచింది.

అప్పుడు పెట్టిన మొక్కల సంగతి తీసుకోండి. పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. 1999లో వచ్చి అడిగితే చేలో మొక్క ఉంది, చేతిలో డబ్బు లేదు. 2003లో అడిగితే అప్పుడప్పుడే గెల వేస్తోంది. నిండు కాపు చూడాలంటే ఇంకా ఆగాలి. ఈలోపు 1998లో కేరళలో బయటపడ్డ, కొబ్బరికాయను పట్టే నల్లి పురుగు క్రమంగా ఇటూ వచ్చి కాయను గిడసబార్చింది. వంటనూనెల దిగుమతులకు తలుపులు తెరుచుకుని కొబ్బరి ధర ఒడుదొడుకుల్లో పడింది. 2016 తర్వాత తెల్లదోమ దిగింది. మరోవైపు తోటలు, చేలు తవ్వి రొయ్యల చెరువులు చేసినవాళ్లు ఎందరో.

ఇప్పుడు ఆ సాయం గెలిచిందా, ఓడిందా? మొక్క బతికింది కాబట్టి గెలిచింది. రైతు చెరువు తవ్వి చెట్టు కొట్టేశాడు కాబట్టి ఓడింది. చెరువుతో ఎక్కువ సంపాదించాడు కాబట్టి రైతు గెలిచాడు. పక్క చేను ఉప్పెక్కింది కాబట్టి ఊరు ఓడింది. ప్రాజెక్టు ముగింపు నివేదిక వీటిలో ఏదీ చూడకముందే రాసేయాలి, ఎందుకంటే అప్పు ఖాతా మూసే గడువు కొబ్బరి కాపు కోసం ఆగదు.

కువైట్ డబ్బు, క్రాప్ హాలిడే, కొత్త జిల్లాలు

డెల్టాలో ఇంకొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు చాలామంది. వరదలో పెంకుటిల్లు కూలి, ఏడాదిన్నరలో డాబా లేచిందనుకోండి. ఇంటి గోడ మీద పథకం బోర్డు ఉంటుంది. ఆ ఇంటి కూతురు కువైట్‌లో వంటమనిషిగా రెండేళ్ల కాంట్రాక్టును నాలుగేళ్లకు పొడిగించుకుని పంపిన డబ్బుకు బోర్డు ఉండదు. సర్వే ప్రశ్నాపత్రంలో “బయటి నుంచి వచ్చే ఆదాయం” అన్న గడి లేకపోతే ఆ డాబా పథకం ఖాతాలోకే వెళ్తుంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. పెట్టుబడి పెరిగి, గిట్టుబాటు ధర లేక, డ్రెయిన్లు పూడిపోయి ఏటా ముంపు తగులుతుంటే విసిగి పంట మానేశారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. సాగైన విస్తీర్ణాన్ని కొలబద్దగా పెట్టుకుని, అంతకుముందు తుఫానుల నుంచి డెల్టా కోలుకుందా అని 2011లో ఎవరైనా లెక్క వేస్తే కోలుకోలేదని వస్తుంది. ఒకరు దీన్ని విపత్తుతో సంబంధం లేని విషయమని, లెక్కలోంచి తీసేయాలని అంటారు. ఇంకొకరు బాగుచేయని డ్రెయిన్లే కారణమైతే అది పునరుద్ధరణ వైఫల్యం కాక మరేమిటని అడుగుతారు. నాకు రెండో వాదనలోనే పస ఎక్కువ కనిపిస్తుంది. అయితే ధర సంగతిని ఆ ఖాతాలో వేయడం కుదరదు.

ఇక లెక్కల సంగతి. 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమ వేరే జిల్లా. తూర్పు గోదావరి పేరు రాజమహేంద్రవరం చుట్టుపక్కలకు మిగిలింది, కాకినాడ విడిపోయింది. పశ్చిమ గోదావరి భీమవరం కేంద్రంగా, ఏలూరు విడిగా. పెద్ద వరద వచ్చింది ఆ తర్వాత మూడు నెలలు దాటగానే. పాత తూర్పు గోదావరి అంకెల్లో మెట్ట, ఏజెన్సీ, డెల్టా కలిసి ఉంటాయి. కొత్త కోనసీమ అంకెల్లో డెల్టా ఒక్కటే. పేరు చూసి రెండు వరసల్నీ పక్కపక్కన పెడితే వచ్చే తేడా వరదది కాదు, సరిహద్దులది. మండలం అంకెల దాకా దిగితే ఈ చిక్కు విడిపోతుంది, కాకపోతే పని పెరుగుతుంది.

పోని ప్రాణాలను ఎవరి ఖాతాలో వేయాలి?

ముందస్తు నివారణ బాగా పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని కొలవడం ఇంకా కష్టం. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. 1990 మే తుఫాను అదే తీరాన్ని తాకింది. లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు వెయ్యి లోపు. షెల్టర్లు, హెచ్చరికలు పనిచేశాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి అనిపిస్తుంది. ఆరేళ్లకు 1996లో కోనసీమలో మళ్లీ వెయ్యి దాటింది. వాళ్లలో చాలామంది వేటకు వెళ్లి సముద్రం మీద ఉన్న మత్స్యకారులు. ఒడ్డున ఎంత గట్టి షెల్టర్ ఉన్నా వాళ్లకు ఉపయోగం లేదు. వాళ్లకు కావాల్సింది పడవలో వినపడే హెచ్చరిక. షెల్టర్ విఫలమైందని కాదు, అది జవాబిచ్చే ప్రశ్న వేరు.

ఏటిగట్టు సంగతీ ఇలాంటిదే. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022లో సుమారు 26 లక్షలు. 2022లో గట్టు నిలిచిన చోటల్లా అది గట్టు పటిష్ఠం చేసిన గొప్పా, వరద తగ్గిన పుణ్యమా? రెండూ అయ్యుండొచ్చు. విడగొట్టాలంటే ప్రతి బలహీనమైన చోటా నీటిమట్టం ఎంతదాకా వచ్చింది, పాత గట్టు ఎత్తు ఎంత అని అంగుళాల్లో పోల్చాలి. ఇంజినీర్ల దగ్గర ఈ లెక్కలుంటాయి. సాయం మూల్యాంకనంలో ఇది బహుశా అన్నిటికన్నా గట్టిగా తేల్చగల ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ “లేకపోతే ఏమయ్యేది” అన్నది మనిషి స్వభావం మీద కాక నీటిమట్టం మీద ఆధారపడింది.

చీటీలు వేసి సాయం ఇవ్వొచ్చా?

మందును పరీక్షించినట్టే సాయాన్నీ పరీక్షించాలంటారు కొందరు ఆర్థికవేత్తలు. చీటీలు తీసి కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చాలి. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో డి మెల్, మెకెంజీ, వుడ్రఫ్ ఇలాగే చేశారు. చిన్న వ్యాపారులను లాటరీ పద్ధతిలో ఎంచి 10,000 లేదా 20,000 శ్రీలంక రూపాయలు గ్రాంటుగా ఇచ్చారు. 2012లో ప్రచురించిన ఫలితం ఆసక్తికరం. సరుకు కొని అమ్మే కొట్లవాళ్లు ఆ డబ్బుతో త్వరగా కోలుకున్నారు. వస్తువులు తయారుచేసేవాళ్లకు అంత మేలు జరగలేదు, ఎందుకంటే వాళ్లకు ముడిసరుకు వచ్చే దారులే తెగిపోయాయి.

దీన్ని మన దగ్గరికి తెచ్చి ఆలోచిస్తే, కిరాణా కొట్టుకు ఇచ్చిన 20,000, కొబ్బరి పీచు యూనిట్‌కు ఇచ్చిన 20,000 ఒకటి కాదు. చెట్లు పడిపోయాక కొన్నేళ్లు డొక్క (కాయ మీది పీచు) రాదు. యంత్రం బాగుచేయించుకున్నా తిప్పడానికి సరుకుండదు. “సాయం పనిచేసిందా” అన్న ప్రశ్నను “ఎవరికి, ఏ రూపంలో” అని విడగొడితే ఎంత పనికొచ్చే జవాబు వస్తుందో ఈ అధ్యయనం చూపిస్తుంది.

దీనికి అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఇల్లు పోయి రోడ్డు మీద ఉన్న కుటుంబంతో “చీటీలో మీ పేరు రాలేదు, కానీ మీ కష్టాలు నెలనెలా రాసుకుంటాం” అని ఎలా చెప్తాం? తహసీల్దార్‌గా ఉన్నవాళ్లెవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బియ్యం, మంచినీళ్లు, టార్పాలిన్ల విషయంలో ఈ చర్చకు తావే లేదు. సమర్థించేవాళ్ల మాట వేరు. పునరుద్ధరణ డబ్బు ఎలాగూ అందరికీ ఒకేసారి చాలదు. విడతలుగానే వస్తుంది. ఎవరికి ముందు అన్నది ఇప్పుడు నాయకుడి ఫోన్‌తో తేలుతోంది, దాని బదులు చీటీతో తేలితే అన్యాయం పెరుగుతుందా, తగ్గుతుందా అని అడుగుతారు. పైగా ఇచ్చామా లేదా అని కాక, డబ్బా మొక్కలా, నవంబరులోనా ఫిబ్రవరిలోనా అని పోల్చవచ్చు. అప్పుడు ఎవరినీ ఖాళీ చేతులతో పంపక్కర్లేదు. ఈ చివరి పద్ధతి మీద అభ్యంతరాలు చాలావరకు తగ్గిపోతాయని నా అభిప్రాయం.

మనుషులనే అడిగితే?

ఈ గణాంకాలన్నీ ఎందుకు, ఊళ్లో కూర్చోబెట్టి జనాన్నే అడగండి అనేది ఇంకో దృక్పథం. ఇందులో తెలుగువాళ్లకు మంచి అనుభవమే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్లు మొదలై, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థే ఏర్పడింది. పంట నష్టం జాబితాలు కూడా అభ్యంతరాల కోసం ఊళ్లో అంటిస్తున్నారు. ఎవరు తప్పిపోయారు, ఎవరు దొంగపేరుతో చేరారు అనేది ఇంతకన్నా బాగా తెలిపే పద్ధతి లేదు. పక్కింటివాళ్లకు తెలిసినంత ఏ సర్వేకు తెలుస్తుంది?

కానీ గ్రామసభలో కౌలు రైతు తన యజమాని అన్నదమ్ముల ఎదుట లేచి “ఆ డబ్బు నాది” అనడు. నష్టం ఎక్కువ చెబితే ఇంకేమైనా వస్తుందేమోనన్న ఆశ ఉంటుంది, తక్కువ చెబితే వచ్చింది పోతుందేమోనన్న భయం ఉంటుంది. పైగా “ఈ డబ్బు లేకపోతే మీరేమయ్యేవారు” అంటే ఎవరైనా ఊహించే చెప్పాలి. చేరిందా, సమయానికి చేరిందా అన్న ప్రశ్నలకు ఊరి మాటే గట్టి సాక్ష్యం. దానివల్ల ఎంత మారింది అన్నదానికి అది చాలదు.

సునామీ సాయం మీద నలభైకి పైగా సంస్థలు కలిసి చేసిన ఉమ్మడి మూల్యాంకనం కూడా ఈ రెండు రకాల సాక్ష్యాలనూ కలిపి చూసింది. ప్రపంచమంతా ఇచ్చిన 13.5 బిలియన్ డాలర్లలో ప్రతి డాలరు ఫలితాన్నీ అది తేల్చలేదు, తేల్చడం సాధ్యమూ కాదు. కానీ మొదటి రోజుల్లో ప్రాణాలు కాపాడింది ఎక్కువగా స్థానికులేనని, బయటినుంచి వచ్చిన సంస్థలు వాళ్లను పట్టించుకోలేదని మాత్రం గట్టిగా చెప్పింది. వంద శాతం ఖచ్చితత్వం లేకపోయినా ఒక మూల్యాంకనం ఉపయోగపడగలదని ఇది చూపిస్తుంది.

ఊరు వదిలిపోయినవాళ్ల లెక్క

అన్నిటికన్నా తెలియకుండా దొర్లే తప్పు ఒకటుంది. లంకలో వంద కుటుంబాలు అనుకోండి. ఎనభై ఇళ్ల ఆదాయం ఏడాదికి లక్ష, ఇరవై ఇళ్లది 40,000. ఊరి సగటు 88,000. వరదకు ఆ ఇరవై కుటుంబాల భూమి ఏటికోతలో పోయింది. వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారు. మూడేళ్లకు సర్వే బృందం వచ్చి ఉన్న ఎనభై ఇళ్లూ తిరిగింది. సగటు లక్ష. ఆదాయం 12,000 పెరిగిందని నివేదిక. ఎవరి ఆదాయమూ ఒక్క రూపాయి పెరగలేదు. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవాళ్లు లెక్కలోంచి జారిపోయారు, అంతే.

ఇండోనేషియాలోని అచేలో సునామీ తర్వాత జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఈ తప్పు చేయలేదు. సునామీకి పది నెలల ముందు, 2004 ఫిబ్రవరిలో ప్రభుత్వం వేరే పనికోసం చేసిన ఇంటింటి సర్వేను ఆధారంగా తీసుకుని, అందులో ఉన్న మనుషులు బతికున్నారా, ఎక్కడికి వెళ్లారు అని వెతికి, వెళ్లిన చోటికే వెళ్లి ఏళ్ల తరబడి కలిశారు. ముందటి లెక్క ఉండటం, మనిషి వెంట వెళ్లడం, ఈ రెండే దాని బలం.

ముందటి లెక్క మన దగ్గరా ఉంది. ఈ-క్రాప్‌లో ఏ చేలో ఏ పంటో సీజన్‌ వారీగా ఉంటుంది. వెళ్లిపోయిన కుటుంబం ఎక్కడుందన్నదీ తెలియని విషయం కాదు, రేషన్ కార్డుతో ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకునే వీలు వచ్చాక వేలిముద్ర పడిన చోటల్లా రికార్డు ఉంటోంది. ఇవి వేరువేరు శాఖల దగ్గర, వేరువేరు పనులకోసం ఉన్నాయి. వాటిని కలిపితే లంక వదిలిన ఆ ఇరవై కుటుంబాల జాడ తెలుస్తుంది. సాయం లెక్క తేల్చడానికని ఒక కుటుంబం కదలికలన్నీ ప్రభుత్వం వెతికి తీయడం సబబేనా అన్న వాదన అప్పుడు మొదలవుతుంది, దాన్నీ తేలిగ్గా తీసేయలేం.